"మేమేమన్నా ఎలుకలమా, సిస్టరమ్మా?"

అందరికీ నమస్కారం. నేను డాక్టర్ని కాదు, నర్సుని. ఇక్కడ తిరుపతిలో రొమ్ము క్యాన్సర్‌కో, కడుపుకో ఆపరేషన్ చేయించుకునేవాళ్లు ఏదైనా పరిశోధనలో చేరాలంటే, ముందు వాళ్ల పక్కన కూర్చుని సంగతంతా విడమరిచి చెప్పేది నేనే.

పుత్తూరు వైపు నుంచి వచ్చిన ఒక అక్క నేను చెప్పింది సగం విని, "మా మీద ప్రయోగాలు చేస్తారా, మేమేమన్నా ఎలుకలమా సిస్టరమ్మా?" అంది. నాకు కోపం రాలేదు. చాలా ఏళ్ల కిందట మా అమ్మకు పిత్తాశయం ఆపరేషన్ అయినప్పుడు, ముందురోజు రాత్రి ఎవరో నాలుగు కాగితాలు తెచ్చి "అందరూ పెట్టేదేలేమ్మా" అని సంతకాలు పెట్టించుకుపోయారు. వాటిలో ఏముందో మా ఇంట్లో ఈరోజుకీ ఎవరికీ తెలీదు. ఆ అక్క అడిగింది న్యాయమైన ప్రశ్న.

అయినా ఈ పరిశోధనలు ఎందుకు కావాలో చెప్తాను. ఒకప్పుడు రొమ్ములో గడ్డ ఉందంటే రొమ్ముతో పాటు కింద ఛాతీ కండరాలు కూడా తీసేసేవాళ్లు, ఎంత ఎక్కువ కోస్తే అంత మంచిదని నమ్మకం. 1976లో అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్ అనే సర్జన్ బృందం మొదలుపెట్టిన పరిశోధనలో 1,800 మందికి పైగా ఆడవాళ్లు చేరారు. 20 ఏళ్లు చూశాక 2002లో తేలిందేమిటంటే, గడ్డ వరకే తీసి కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించుకున్నవాళ్లూ, మొత్తం రొమ్ము తీయించుకున్నవాళ్లూ బతకడంలో తేడా లేదు. ఇవాళ మన ఊళ్లో ఒకామెకు రొమ్ము నిలిచిందంటే వెనక వాళ్లున్నారు.

మన దేశం సంగతి ఇంకా బాగుంటుంది. పన్ను పీకేముందు ఇస్తారే మొద్దుబారే సూది, లిగ్నోకైన్, దాన్ని ఆపరేషన్‌కి కొద్ది నిమిషాల ముందు గడ్డ చుట్టూ ఇస్తే ఏమవుతుందని ముంబై టాటా మెమోరియల్ డాక్టర్లు మరికొన్ని ఆసుపత్రులతో కలిసి రొమ్ము క్యాన్సర్ ఉన్న దాదాపు 1,600 మందిలో చూశారు. అయిదేళ్లకు సూది లేనివాళ్లలో 86.4 శాతం, సూది పడ్డవాళ్లలో 90.1 శాతం బతికున్నారు. 2023లో అచ్చయింది. అంత చవకైన మందు మీద ఏ కంపెనీ డబ్బు పెడుతుంది చెప్పండి!

సూది ఎవరికన్నది డాక్టరు ఎంచరు, చీటీ తీసినట్టే. ఎంచుకోనిస్తే గట్టిగా ఉన్నవాళ్లకే ఇచ్చేసి, మందే పనిచేసిందని అనుకునే ప్రమాదం ఉంది. "నాకు చీటీ పడకపోతే?" అని అందరూ అడుగుతారు. మామూలుగా జరగాల్సిన వైద్యం మాత్రం ఒక్క పిసరు కూడా తగ్గకూడదు.

కడుపు ఆపరేషన్లలో మనల్ని పీడించేది కుట్లకు చీము పట్టడం. కుట్లు వేసేముందు టీమంతా గ్లవ్స్, పనిముట్లు కొత్తవి మారిస్తే? ఇది తేల్చడానికి మన దేశంతో కలిపి ఏడు దేశాల్లో 81 ఆసుపత్రుల్లో 13,301 మందిని చూశారు. అక్కడ చీటీ మనుషులకు కాదు, ఆసుపత్రులకే వేశారు. నెలరోజుల్లో చీము పట్టినవాళ్లు నూటికి సుమారు 19 నుంచి 16కి తగ్గారు. గ్లవ్స్ మార్చినందుకు!

ఇప్పుడు మీ సంగతి. పరిశోధనలో చేరడానికి ఒప్పుకుంటూ సంతకం పెట్టే కాగితం తెలుగులో ఉండాలి, ఇంటికి తీసుకెళ్లి చదివించుకోవచ్చు. ఒప్పుకోవాల్సింది మీరు, మీ ఆయన కాదు. చదువు రానివాళ్ల వేలిముద్రకు, పరిశోధనతో సంబంధంలేని సాక్షి పక్కన ఉండాలి. మధ్యలో ఎప్పుడైనా మానుకోవచ్చు, కారణం చెప్పక్కర్లేదు. పరిశోధన వల్ల ఏదైనా హాని జరిగితే దాని వైద్యం ఉచితం. పరిశోధనలో చేరినవాళ్లకు అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు కాగితంలోనే ఉంటుంది, మొహమాటపడకుండా చెయ్యండి.

పుత్తూరు అక్క కాగితం ఇంటికి తీసుకెళ్లింది. మూడోరోజు వచ్చి "వద్దు సిస్టరమ్మా, నాకు భయంగా ఉంది" అంది. సరేనన్నాను. ముందు చెప్పిన తేదీకే, అదే డాక్టరు ఆమెకు ఆపరేషన్ చేశారు.

అలాంటి కాగితం కాపీలు తెచ్చాను, ముందు వరుస నుంచి పంచుతున్నాను. చదవడం రానివాళ్లు ఇటువైపు రండి, కూర్చుని ఒక్కో లైనూ చదువుదాం.