గండి లోయల్లో గుడారం వేసే ముందు

శ్రోతలకు నమస్కారం.

నెల్లూరు, కావలి, ఒంగోలు, ఏ ఊరు చూసినా ఇప్పుడు పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు చాలానే ఉన్నాయి. వేసవి వస్తే తల్లిదండ్రులు విమానం ఎక్కుతారు. అక్కడ పిల్లలు "నాన్నా, ఈసారి గ్రాండ్ కాన్యన్ వెళ్దాం, టెంట్ వేసుకుని రెండు రాత్రులు ఉందాం" అంటారు. ఇక్కడ మన కుర్రవాళ్లు శని, ఆదివారాలు కలిసొస్తే గండికోటకు టెంట్లు కట్టుకుని పోతున్నారు. రెండూ మంచి ప్రయాణాలే, వెళ్లి తీరాల్సిన చోట్లే. అయితే ఎడారి లోయల ప్రయాణానికి ప్లాన్ నీళ్ల దగ్గర మొదలవ్వాలి. హోటలు, ఫోటోలు, చూడాల్సిన పాయింట్లు అన్నీ ఆ తర్వాతే. మనం మోసుకెళ్లే నీళ్లు ఎన్ని, మన మీదికి వచ్చే నీళ్లు ఎక్కడివి, ఈ రెండు ప్రశ్నలకు జవాబు దొరికాకే తేదీలు ఖాయం చేసుకోవాలి.

ముందు తాగే నీళ్ల సంగతి. మనది సముద్రపు గాలి. మే నెలలో నెల్లూరు ట్రంకు రోడ్డు మీద పది నిమిషాలు నడిస్తే చొక్కా వీపుకు అంటుకుపోతుంది. చెమట పోస్తోందని కళ్లకే కనిపిస్తుంది కాబట్టి నీళ్లో మజ్జిగో తాగుతాం. గ్రాండ్ కాన్యన్ ఉన్న అరిజోనా రాష్ట్రం, దాని పక్క రాష్ట్రం యూటా వైపు గాలిలో తేమ చాలా తక్కువ. చెమట పట్టీ పట్టగానే ఆరిపోతుంది. చొక్కా పొడిగానే ఉంటుంది, హాయిగానే ఉందనిపిస్తుంది, ఒంట్లో నీరు మాత్రం పోతూనే ఉంటుంది. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం మొదలయ్యాక గానీ విషయం తెలియదు. కోస్తాలో పుట్టి పెరిగినవాళ్లు అక్కడ దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే.

అందుకని మనిషికి రోజుకు కనీసం 4 లీటర్లు లెక్క వేసుకోండి. ఎండలో నడక ఉంటే ఇంకా ఎక్కువ. నలుగురు మనుషులు, మూడు పగళ్లు అంటే 48 లీటర్లు. మన ఇళ్లకు వచ్చే 20 లీటర్ల క్యాన్లు రెండు పెట్టినా చాలవన్నమాట. కారు డిక్కీలో ముందు నీళ్లు పెట్టి, మిగిలిన చోటులోనే బట్టలు, టెంటు సర్దుకోండి. దారిలో కుళాయి ఉంటుందిలే అనుకోవద్దు. గ్రాండ్ కాన్యన్‌లో నడకదారుల వెంట నీటి కుళాయిలు ఉన్నా, ఆ నీళ్లు తెచ్చే పైపులైను పాతది, తరచూ పగులుతుంది. బయల్దేరే రోజు పొద్దున పార్కువాళ్లను అడిగి తెలుసుకోవడం మేలు.

ఉత్త నీళ్లే తాగినా ప్రమాదమే. చెమటతో ఉప్పు కూడా పోతుంది. ఉప్పు భర్తీ చేయకుండా లీటర్లకు లీటర్లు తాగితే రక్తంలో సోడియం పడిపోయి మనిషి తికమకపడతాడు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఉప్పు శనగలు, వేయించిన వేరుశనగ పప్పులు, కారప్పూస, ఇవన్నీ సంచిలో ఉండాలి. బీపీకి ఒంట్లో నీరు తీసే మాత్రలు వేసుకునేవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పినవాళ్లు మాత్రం సొంత వైద్యం చేసుకోవద్దు. విమానం ఎక్కే ముందే మీ డాక్టరుతో ఈ ప్రయాణం గురించి మాట్లాడండి. టికెట్ల గురించి పడే టెన్షన్‌లో సగం దీని మీద పెట్టినా చాలు.

గ్రాండ్ కాన్యన్ సంగతి కాస్త చెబుతాను. కొలరాడో నది కోసిన ఆ లోయ 446 కిలోమీటర్ల పొడవు, సుమారు 1,600 మీటర్ల లోతు. ఎక్కువమంది వెళ్లే దక్షిణపు అంచు సముద్ర మట్టానికి 2,100 మీటర్ల ఎత్తున ఉంటుంది. వేసవిలో అడుగున 40 డిగ్రీలు దాటే రోజులు మామూలే. అదే అంచు మీద మే నెల రాత్రుల్లో స్వెటరు, మంచి రగ్గు లేకపోతే నిద్ర పట్టదు. ఎడారి కదా అని నూలు బట్టలు మాత్రమే సర్దుకుంటే తెల్లవార్లూ వణకాల్సిందే.

మన ఉదయగిరి దుర్గం ఎక్కినవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. ఓపిక ఉన్నంతవరకు ఎక్కుతాం, అలసిపోతే వెనక్కి తిరుగుతాం, దిగడం తేలిక. లోయలో ఇది పూర్తిగా తలకిందులవుతుంది. ఒంట్లో బలం ఉన్నప్పుడు చల్లని పొద్దుటి పూట సునాయాసంగా దిగిపోతాం. అలసిపోయి, నీళ్లు సగమై, ఎండ నడినెత్తికి వచ్చాక ఎక్కడం మొదలవుతుంది. దిగడానికి గంట పడితే ఎక్కడానికి రెండు గంటలు వేసుకోమని అక్కడివాళ్లు చెబుతారు. ఒక్క రోజులో నది దాకా దిగి తిరిగి పైకి రావద్దని, వేసవిలో పొద్దున 10 నుంచి సాయంత్రం 4 వరకు లోయలో నడవవద్దని పార్కు సిబ్బంది పదేపదే హెచ్చరిస్తారు. అరవై దాటిన తల్లిదండ్రులకు అంచు వెంబడి నడకే చాలు. నా మటుకు నాకు లోయ అందం అంచు మీద నుంచే నిండుగా కనిపిస్తుంది.

ఇక రెండో ప్రశ్న, మన మీదికి వచ్చే నీళ్లు. ఇది పెన్నా ఒడ్డున బతికేవాళ్లకు కొత్తగా చెప్పాలా? కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి, అనంతపురం, కడప దాటి మన దగ్గరికొచ్చే నది అది. నెల్లూరులో చినుకు లేకపోయినా, పైన కురిస్తే సోమశిల గేట్లు ఎత్తుతారు. 2021 నవంబరులో, పెన్నాలో కలిసే చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. మన ఊరి ఆకాశం ఒక్కటే చూసి వరద చెప్పలేమని మనకు తెలుసు.

ఆ ఎడారి లోయల్లో కూడా అంతే, కాకపోతే ఇంకా వేగంగా. రాతి నేల నీటిని పీల్చుకోదు. పడిన వానంతా సన్నని చీలికల్లోకి దూసుకొస్తుంది. 1997 ఆగస్టు 12న అరిజోనాలోని యాంటిలోప్ కాన్యన్‌లో 11 మంది యాత్రికులు ఇలాగే చనిపోయారు. వాన పడింది వాళ్ల నెత్తిన కాదు, ఎగువన ఎక్కడో. ఇప్పుడు గైడు లేకుండా అక్కడికి ఎవరినీ పోనివ్వరు. 2015 సెప్టెంబరులో యూటాలోని జయాన్ పార్కులో ఒక ఇరుకు లోయలోకి దిగిన ఏడుగురూ వరదకు బలయ్యారు. అదే పార్కులో నారోస్ అనే చోట జనం నదిలోనే నడుస్తారు. ప్రవాహం 150 క్యూసెక్కులు దాటితే అక్కడికి ఎవరినీ వెళ్లనివ్వరు. సోమశిల నుంచి వరద రోజుల్లో లక్షల క్యూసెక్కులు వదలడం విన్న మనకు 150 అంటే పిల్లకాలువ అనిపిస్తుంది. రెండు గోడల మధ్య కొన్ని గజాల వెడల్పులో అదే నీరు మనిషిని నిలబడనివ్వదు. జులై నుంచి సెప్టెంబరు దాకా అక్కడ ఉరుముల వానల కాలం. ఇరుకు లోయల్లోకి దిగాలని ఉంటే ఆ నెలలు వదిలేయండి. ఏ నెలలోనైనా సరే, ఎగువ ప్రాంతపు వాతావరణ సూచన చూడకుండా దిగవద్దు. ఇసుక మెత్తగా ఉంది, గాలి తగలదు అని ఎండిన వాగులో టెంటు మాత్రం వేయొద్దు. ఈ మాట గండికోట వెళ్లే మన పిల్లలకు కూడా.

అమెరికా ప్రయాణానికి ముందు గండికోటకు వెళ్లి చూసుకుంటే మంచిదని నా సలహా. నెల్లూరు నుంచి ఆత్మకూరు, బద్వేలు, మైదుకూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మీదుగా దారి. మన పెన్నమ్మే ఎర్రమల కొండలను కోసుకుంటూ పోయిన చోటు అది. కోటలో మాధవరాయ స్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం చూడొచ్చు. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు హాయిగా ఉంటుంది. వేసవిలో బండలు కాలిపోతాయి, నీడ దొరకదు. లోయ అంచున చాలాచోట్ల కంచె ఉండదు. చీకటి పడ్డాక అంచు వైపు పోకూడదని, సెల్ఫీల కోసం బండల చివరికి వెళ్లకూడదని ముందే ఒప్పందం చేసుకుని బయల్దేరండి. టెంటు కట్టడం వచ్చో రాదో, నేల మీద పడుకుంటే నడుము ఏమంటుందో, ఒక్క రాత్రిలో తెలిసిపోతుంది.

వంట విషయం మనవాళ్లకు ముఖ్యం కదా. ఎత్తు పెరిగేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. గ్రాండ్ కాన్యన్ అంచు ఉన్న 2,100 మీటర్ల ఎత్తున సుమారు 93 డిగ్రీలకే మరిగిపోతాయి. మామూలు గిన్నెలో కందిపప్పు పెడితే ఉడకడానికి చాలా ఎక్కువ సేపు పడుతుంది. చిన్న కుక్కరు తీసుకెళ్లండి, లేదంటే మొదటి పూటకు పులిహోర, తర్వాత కందిపొడి, ఊరగాయతో సరిపెట్టుకోండి. అగ్నిప్రమాదాల కాలంలో కట్టెల మంట నిషేధిస్తారు కాబట్టి చిన్న గ్యాసు పొయ్యి ఉండాలి. తిండి టెంటులో పెట్టుకోకుండా కారులోనే పెట్టి తాళం వేయండి. పొద్దున్నే బూట్లు దులుపుకుని తొడుక్కోవాలి, అక్కడా తేళ్లున్నాయి.

గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచులోని మేథర్ క్యాంపుగ్రౌండులో చోటు ఆరు నెలల ముందే బుకింగుకు పెడతారు. సెలవు రోజులకైతే తెరిచీ తెరవగానే నిండిపోతుంది. లోయలో రాత్రి పడుకోవాలంటే విడిగా పర్మిట్ కావాలి. ఫోను సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

చివరిగా ఒక కాగితం రాసి, మీతో రాని మనిషికి ఇవ్వండి. కారు నంబరు, క్యాంపు పేరు, నడవబోయే దారి, తిరిగొచ్చే గంట, ఆ గంట దాటితే ఏ నంబరుకు ఫోన్ చేయాలో అందులో ఉండాలి. ఆ మనిషి నెల్లూరులో ఉంటే, అరిజోనా మనకంటే పన్నెండున్నర గంటలు వెనక అని కూడా రాయండి. పక్కనే ఉన్న యూటాలో, అరిజోనాలోనే ఉన్న నవాహో ఆదివాసుల ప్రాంతంలో వేసవిలో గడియారం ఒక గంట ముందుకు జరుపుతారు, అరిజోనాలో మిగతా చోట్ల జరపరు. తిరిగొచ్చే సమయం ఏ గడియారం ప్రకారమో స్పష్టంగా రాసి ఇవ్వండి.


నమస్కారం.