ఆ ఉత్తరాలు ఇంకొకరు చదవాలి

శ్రోతలకు నమస్కారం. శాస్త్రవేత్తల మీద, అధ్యాపకుల మీద ఆన్‌లైన్‌లో గుంపు పడి వేధిస్తుంటే పక్కవాళ్లు ఏం చేయాలో చెబుతాను. ముందుగా ఒక ఉదంతం.

2019 ఏప్రిల్ 10. అంతవరకూ ఎవరూ చూడని ఒక దృశ్యాన్ని ఆ రోజు లోకమంతా చూసింది. కృష్ణబిలం, అంటే బ్లాక్ హోల్, తొలి చిత్రం. నడుమ చీకటి, చుట్టూ నారింజ రంగు వలయం. ఎం87 అనే గెలాక్సీ మధ్యలో, మనకు దాదాపు 5.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉందది. ఆ చిత్రం వెనుక రెండు వందల మందికి పైగా శాస్త్రవేత్తల శ్రమ ఉంది.

ఆ రోజే ఇంకో ఫొటో కూడా ఊరూరా తిరిగింది. కేటీ బౌమన్ అనే యువ పరిశోధకురాలు లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. తెరమీద ఆ వలయం కనబడుతోంది. ఆమె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్లలో సంతోషం దాగడం లేదు. చూసినవాళ్లు మురిసిపోయారు. మురిసిపోయి, పనంతా ఆమె ఒక్కతే చేసిందన్నంతగా రాసేశారు. ఆమె మాత్రం అలా అనలేదు. ఈ చిత్రం ఏ ఒక్క మనిషి వల్లా, ఏ ఒక్క పద్ధతి వల్లా రాలేదని తనే రాసింది.

అయినా గుంపు ఆమె మీదే పడింది. ఆ చిత్రాన్ని తయారుచేయడానికి వాడిన సాఫ్ట్‌వేర్ కోడ్ భద్రపరిచే సైటులో కొందరు ఒక అంకె పట్టుకున్నారు. మొత్తం 9 లక్షల లైన్ల కోడ్‌లో 8.5 లక్షల లైన్లు ఆండ్రూ చేల్ అనే సహ పరిశోధకుడివేనట. ఇంకేం, పని అతనిది, పేరు ఆమెదీ అన్నారు. ఆమె పేరుతో దొంగ అకౌంట్లు పుట్టాయి. యూట్యూబ్‌లో ఆమె పేరు వెతికితే ఆమెను తిట్టే వీడియో పైన కనబడే స్థితి వచ్చింది.

ఇక్కడ ఆ అంకె సంగతి కాస్త వివరంగా చెప్పాలి. అలాంటి సైట్లు ఎవరి పేరు మీద ఎన్ని లైన్లు చేరాయో లెక్క కడతాయి. ఆలోచించి రాసిన లైనూ ఒకటే, ఎక్కించిన డేటా ఫైల్లో ఉన్న లైనూ ఒకటే దానికి. పెద్ద ఫైలు ఒకటి పెడితే లక్షలు చేరిపోతాయి. పైగా శాస్త్రంలో ఎవరి పాలు ఎంతో లైన్లతో కొలవరు. ఇదంతా తెలియని మనిషికి మాత్రం ఆ అంకె రుజువులా కనబడుతుంది. వేధించే గుంపుకు కావలసింది అదే: రుజువులా కనబడే ఒక అంకె, లేదా సందర్భం తెంపేసిన ఒక వాక్యం, లేదా పాఠంలోంచి కత్తిరించిన ఇరవై సెకన్ల ముక్క.

రెండు రోజులు తిరిగేసరికి ఆండ్రూ చేల్ బయటికొచ్చాడు. అందరికీ కనబడేలా రాశాడు. తన పేరు అడ్డం పెట్టుకుని తన స్నేహితురాలి మీద చేస్తున్నది స్త్రీ ద్వేషంతో చేసే నీచమైన దాడి అన్నాడు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవి దాదాపు 68,000 లైన్లు, అందులో తనవి ఎన్నో తనకు పట్టదన్నాడు. ఆమె పని లేకుండా ఇది జరిగేదే కాదన్నాడు. ఆమె మీద కోపంతో తనను మెచ్చుకునేవాళ్ల మెప్పు తనకు అక్కర్లేదన్నాడు.

నాకు ఈ ఉదంతం ఎందుకిష్టమో చెబుతాను. అతను చేసినవి మూడే పనులు. త్వరగా మాట్లాడాడు. సరైన అంకె ఇచ్చాడు. తనకు దక్కబోయిన పొగడ్తను తిప్పికొట్టాడు. ఆమె తనకు తానుగా ఎంత చెప్పుకున్నా ఆ బరువు రాదు. పక్కవాడు చెబితేనే వస్తుంది.

అలాంటి పక్కవాడు అందరికీ దొరకడు. కోవిడ్ గురించి బహిరంగంగా మాట్లాడిన శాస్త్రవేత్తలను 2021లో నేచర్ పత్రిక అడిగింది. 321 మంది జవాబిచ్చారు. వాళ్లలో నూటికి 15 మందికి చంపుతామన్న బెదిరింపులు వచ్చాయి. అదే ఏడాది బెల్జియంలో మార్క్ వాన్ రాన్స్ట్ అనే వైరాలజీ ప్రొఫెసర్ కుటుంబంతో సహా రహస్య ప్రదేశంలో వారాల పాటు ఉండవలసి వచ్చింది. బెదిరించిన సైనికుడు సైనిక శిబిరం నుంచి ఆయుధాలతో వెళ్లిపోయాడు మరి. కాబట్టి, ఫోను పక్కన పడేయండి, అదే సద్దుమణుగుతుంది అనే సలహా సరిపోదు.

ఈ పూట ఒక్క విషయం మీదే నిలబడతాను. ఆ ఉత్తరాలు, ఆ కామెంట్లు ఎవరి మీద వచ్చాయో వాళ్లే చదవకూడదు. ఇంకొకరు చదవాలి. డిపార్ట్‌మెంట్‌లో ఇద్దరు సహోద్యోగులు చాలు. వంతులవారీగా రోజు ఒకరు, పూటకు గంటకు మించకుండా. ఆ గంట తరువాత మనసు మొద్దుబారుతుంది, అసలు ప్రమాదం కళ్లముందు నుంచే జారిపోతుంది. ఈ పని వేధింపు పడుతున్న అధ్యాపకురాలి దగ్గరే పీహెచ్‌డీ చేస్తున్న విద్యార్థికి మాత్రం అప్పగించవద్దు. గైడ్ అడిగితే కాదనలేని మనిషికి ఇచ్చే పని కాదిది.

మెయిలు ఎలా వేరు చేయాలి? తిట్టు మాటలు పెట్టి ఫిల్టర్ కట్టబోతారు చాలామంది. అది నిలవదు. తిట్టేవాళ్లు అక్షరం మార్చి తిడతారు. తిరగేసి కట్టాలి. తెలిసినవాళ్ల మెయిళ్లు, అంటే విశ్వవిద్యాలయం నుంచి, సహ రచయితల నుంచి, జర్నల్స్ నుంచి వచ్చేవి ఇన్‌బాక్స్‌లోకి రానివ్వండి. మిగతావన్నీ వేరే ఫోల్డర్‌లోకి. దీనితో ఒక చిక్కుంది: కొత్త విద్యార్థి రాసిన మంచి మెయిలు కూడా అందులోనే పడుతుంది. అందుకే చదివేవాళ్లు రోజూ చూడాలి. డిలీట్ అయ్యేలా మాత్రం ఫిల్టర్ పెట్టకండి.

తరువాత వరుస ముఖ్యం. ముందు భద్రపరచడం, తరువాత ఫిర్యాదు, చివర బ్లాక్. కోపంలో ముందే బ్లాక్ చేస్తే ఆ పోస్టులు మనకే కనబడకుండా పోవచ్చు. ఫిర్యాదు ముందు చేస్తే సైటువాళ్లు తీసేయవచ్చు, అప్పుడు మన చేతిలో ఆధారం ఉండదు. స్క్రీన్‌షాట్‌లో తిట్టు ఒక్కటే కత్తిరించి పెట్టుకుంటే పనికిరాదు. పైన లింకు, తేదీ, సమయం, అకౌంట్ అసలు పేరు కనబడాలి. అసలు పేరంటే ఎట్ గుర్తుతో మొదలయ్యేది. ప్రొఫైల్‌లో పెద్దగా కనబడే పేరు ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చేసుకోవచ్చు. లింకును విడిగా అక్షరాల్లో కూడా దాచండి. మెయిలైతే ఫార్వర్డ్ చేసి ఊరుకోకండి. ఏ దారిన వచ్చిందో చెప్పే హెడర్ అందులో రాలిపోతుంది. అసలు మెయిలునే ఫైలుగా సేవ్ చేయాలి.

భద్రపరిచినవాటిని మూడు కుప్పలు చేయండి. తిట్లు ఒకటి, ఉద్యోగానికి ఎసరు పెట్టే అబద్ధాలు ఒకటి, బెదిరింపులు ఒకటి. మూడో కుప్ప గుర్తుపట్టడంలోనే పొరపాటు జరుగుతుంది. "నువ్వు నాశనమైపోతావు" అన్న ఉత్తరం చూసి హడలిపోతాం. "మంగళవారం పది గంటలకు మీ క్లాసు రెండో అంతస్తులో కదా" అన్న ఉత్తరం చూసి పేజీ తిప్పేస్తాం. అందులో ఒక్క చెడ్డ మాటా లేదు. కానీ అదే భయపడవలసింది. రోజు, సమయం, చోటు, ఇంట్లోవాళ్ల పేర్లు, వీటిలో ఏది కనబడినా ఆ గంటలోనే భద్రతా సిబ్బందికి, పోలీసులకు చేరాలి. గది నంబరు, టైంటేబుల్ డిపార్ట్‌మెంట్ పేజీ నుంచి ఆ రోజే తీసేయాలి. క్లాసు గది మార్చాలి.

రెండో కుప్ప పై అధికారులది. ఆమెను తొలగించమని వంద మెయిళ్లొస్తే వణికిపోయి, "అవి ఆమె వ్యక్తిగత అభిప్రాయాలు" అని ప్రకటన ఇచ్చేస్తారు. గుంపు దాన్ని గెలుపుగా చదువుకుంటుంది, మర్నాడు రెట్టింపు వస్తాయి. ప్రకటనకు ముందు ఆ వందా పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే పేరా, అదే చోట అదే అక్షరదోషం ఉంటే ఎవరో ఒకరు రాసి పంచినదది. వంద ఫిర్యాదులు కావవి, ఒక్కటే. ఒక్క ఫిర్యాదుకు ఇచ్చినట్టే జవాబివ్వాలి: ఆమె అన్నదేమిటో పూర్తి వాక్యం, దాని ఆధారం, ఆమె మా అధ్యాపకురాలు అన్న మాట. నాలుగు వాక్యాలు, అంతే.

ఇక ఆ ఫోల్డర్. కొంతకాలానికి గుంపు ఇంకొకరి మీదికి పోతుంది, మనం మరిచిపోతాం. ఉద్యోగం మారితే విశ్వవిద్యాలయం మెయిలు మూసేస్తారు, దాంతో పాటు ఆధారాలన్నీ పోతాయి. కేసు విచారణకు వచ్చేది ఒక్కోసారి అప్పుడే. అందుకని మొదటి రోజే ఒక కాపీ బయట డ్రైవ్‌లో పెట్టి, తాళం నమ్మకమైన సహోద్యోగి చేతికివ్వండి. వేధింపు పడిన అధ్యాపకురాలు దాన్ని తెరవనక్కర్లేదు. ఎక్కడుందో తెలిస్తే చాలు.

నమస్కారం.