పాలమూరు నగరమైన ఏడాది

(కాలనీ సంఘాల వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం, మహబూబ్‌నగర్, డిసెంబర్ 2025)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట ఇంటి పనులు పక్కన పెట్టి వచ్చిన అక్కలకు, చెల్లెళ్లకు, పెద్దలకు పేరుపేరునా కృతజ్ఞతలు.

2025 మన పాలమూరుకు మామూలు ఏడాది కాదు. జనవరిలో మన మున్సిపాలిటీ కార్పొరేషన్ అయింది. మేలో మిస్ వరల్డ్ పోటీలకు వచ్చిన యువతులు పిల్లలమర్రి చూసి వెళ్లారు. 2018లో చెదలు పట్టి, సెలైన్ బాటిళ్లతో మందు ఎక్కించుకున్న చెట్టు అది. దాన్ని బతికించిన సిబ్బందికి ఈ వేదిక మీద నుంచి చేతులెత్తి మొక్కుతున్నా.

అదే జనవరిలో ఇంకోటి కూడా జరిగింది. 2020లో మనం ఓట్లేసి ఎన్నుకున్న పాలకవర్గం గడువు తీరిపోయింది. అప్పటి నుంచి ప్రత్యేకాధికారి పాలనే. ఊరి హోదా పెరిగింది, వార్డుకో కౌన్సిలర్ మాత్రం లేకుండా పోయాడు. నల్లా రాకపోతే ఎవరి తలుపు తట్టాలి? అడగడానికి మనం ఎన్నుకున్న మనిషి లేనప్పుడు, కనీసం లెక్కలైనా మన కళ్ల ముందుండాలి. ఈరోజు నేను చెప్పదలచుకున్నది ఇదే.

మా గల్లీలో మోరీ (మురుగు కాలువ) పని మొదలైనప్పుడు అక్కడ బోర్డు లేదు. ఎంత ఖర్చు, ఎంత లోతు, ఎవరికీ తెలియదు. కుట్టుమిషన్ పెట్టుకున్న మా పక్కింటి అక్క తిరిగి తిరిగి ఎస్టిమేట్ కాపీ తెచ్చుకుంది. బట్టలు కొలిచే టేపు తీసి మోరీలోకి దింపింది. మేస్త్రీ మొదట నవ్వాడు. రెండు చోట్ల లోతు తక్కువ తేలింది. కాంక్రీటు ఇంకా పోయలేదు కాబట్టి మళ్లీ తవ్వారు. ధర్నా లేదు, గొడవ లేదు. పని అయ్యాక కొలతలు ఎంబీలోకి, అంటే కొలతల పుస్తకంలోకి ఎక్కుతాయి, దాన్ని బట్టి బిల్లు లేస్తుంది. బిల్లు లేచాక మనం ఎంత మొత్తుకున్నా కష్టమే. అడిగేది ఏదో కాంక్రీటు పడకముందే అడగాలి.

ఇలా అడగడం ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. సమాచార హక్కు చట్టం అమల్లోకి వచ్చి అక్టోబర్ 12తో 20 ఏళ్లు నిండాయి. దరఖాస్తు పెడితేనే సమాచారం ఇస్తారని చాలామంది అనుకుంటారు. సెక్షన్ 4 ప్రకారం బడ్జెట్, ఖర్చుల వివరాలు మనం అడగకముందే ఆఫీసులే బయట పెట్టాలి. జరుగుతున్న పనిని మనం స్వయంగా పరిశీలించవచ్చు, వాడిన సామగ్రి నమూనా కూడా తీసుకోవచ్చు. ఈ మాట చట్టంలోనే ఉంది.

నాకు ఎక్కువ బాధగా ఉన్నది మన కార్పొరేషన్‌లో కలిసిన జైనల్లీపూర్, దివిటిపల్లి ఊళ్ల వాళ్ల గురించి. నిన్నటిదాకా వాళ్లకు గ్రామసభ ఉండేది. ఎవరైనా లేచి నిలబడి సర్పంచ్‌ను లెక్క అడగగలిగేవారు. ఇప్పుడు వాళ్లు నగరవాసులు, గ్రామసభ లేదు. ఉపాధి హామీ పల్లెలకే కాబట్టి ఆ పని కూడా పోతుంది. పాలమూరు లేబర్ అంటే ఏమిటో తెలిసిన జిల్లా మనది. పొట్ట చేతబట్టుకుని బొంబాయి, పుణె పోయిన ఇళ్లు ఎన్ని లేవు! ఇంటి పన్ను పెరిగేలోపు ఈ కుటుంబాలకు ఏం దక్కుతుందో చెప్పాల్సిన బాధ్యత కార్పొరేషన్‌ది.

గ్రామసభకు బదులు మనకున్నవి వార్డు కమిటీలు. 2019 మున్సిపల్ చట్టం ప్రకారం ప్రతి వార్డుకూ యువతకు, మహిళలకు, వృద్ధులకు, ప్రముఖులకు వేర్వేరుగా నాలుగు కమిటీలు, ఒక్కోదాంట్లో 15 మంది. అంటే వార్డుకు 60 మంది. మీ వార్డులో ఆ 60 మంది ఎవరో ఎప్పుడైనా విన్నారా? ఎన్నికలు జరిగి కొత్తవాళ్లు వచ్చిన వారంలోనే ఆ పేర్లు అడగాలి. బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టాలని కూడా అదే చట్టం చెబుతోంది. ఆ డబ్బుతో ఏ గల్లీలో ఎన్ని మొక్కలు పెట్టారో, ఎన్ని బతికాయో అడగాలి.

సమాచార హక్కు దరఖాస్తుకు తెల్లకాగితం, 10 రూపాయల రుసుము చాలు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవాళ్లకు రుసుము కూడా లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. దరఖాస్తు రాయడం రానివాళ్ల కోసం మన డిగ్రీ పిల్లలు ఆ మూల బల్ల దగ్గర కూర్చున్నారు. మీ గల్లీలో జరుగుతున్న పని ఏదైనా ఒక్కటి చెప్పండి, వాళ్లే రాసిపెడతారు. సంతకం చేసి వెళ్లండి.