రాట్‌వైలర్‌ను వదిలేయాలా? 23 జాతుల లేఖ కథ

హోస్ట్: అందరికీ నమస్కారం. మా కాలనీలో ఒకాయన తన రాట్‌వైలర్ జాతి కుక్కను ఊరి బయట వదిలేద్దామని చూస్తున్నారు. "ఈ జాతి బ్యాన్ అయింది" అని ఎవరో వాట్సాప్‌లో పంపారట, అప్పటినుంచి ఆయనకు ఒకటే టెన్షన్. అందుకే ఇవాళ పశువైద్యుల్ని పిలిచాను. డాక్టర్ గారూ, నిజంగా బ్యాన్ ఉందా?

డాక్టర్: ఆ మెసేజ్‌లో చెప్పిన బ్యాన్ లేదండీ. 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ రాష్ట్రాలకు ఒక లేఖ రాసింది. పిట్‌బుల్, రాట్‌వైలర్, కేన్ కోర్సో లాంటి 23 రకాల దిగుమతి, అమ్మకం ఆపమని, ఇళ్ళల్లో ఉన్నవాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించమని. ఏప్రిల్ 10న కర్ణాటక హైకోర్టు ఆ లేఖను కొట్టేసింది. అదే నెలలో ఢిల్లీ హైకోర్టు కూడా.

హోస్ట్: ఎందుకండీ?

డాక్టర్: కుక్కల్ని పెంచేవాళ్ళను, ఈ విషయంతో సంబంధం ఉన్నవాళ్ళను అడగకుండానే నిర్ణయం తీసుకున్నారని. పద్ధతి ప్రకారం అందరి మాటా విని కేంద్రం మళ్ళీ తెచ్చుకోవచ్చు. ఆ జాబితా చదివినప్పుడు నాకు బాధేసింది. టోసా అనే జపాన్ జాతి పేరు రెండుసార్లు ఉంది. "టెర్రియర్లు" అని గంపగుత్తగా రాసేశారు. ఒళ్ళో పడుకునే చిన్న యార్క్‌షైర్ కూడా టెర్రియరే కదండీ!

హోస్ట్: కానీ భయం ఊరికే రాలేదు కదా. 2022లో లక్నోలో ఇంట్లో పెంచుకున్న పిట్‌బుల్ దాడిలో 82 ఏళ్ళ పెద్దావిడ చనిపోయారు.

డాక్టర్: అవునండీ, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అంత బలమైన కుక్క కరిస్తే గాయం చాలా లోతుగా దిగుతుంది. అందుకే పిల్లగా ఉన్నప్పుడే, రెండు మూడు నెలల వయసులోనే, దానికి మనుషులు, చిన్నపిల్లలు, బండ్ల చప్పుడు అన్నీ అలవాటు చేయాలి. రోజంతా బాల్కనీలో గొలుసుతో కట్టేసి పెంచితే ఎలా? అంత టైమ్ లేనివాళ్ళు ఈ జాతుల జోలికి వెళ్ళకండి, దయచేసి.

హోస్ట్: ఒకవేళ కరిస్తే?

డాక్టర్: భారతీయ న్యాయ సంహితలో 291వ సెక్షన్ ఉంది. మన జంతువు వల్ల ఎవరికీ ప్రమాదం రాకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అందులో జాతి ప్రస్తావనే లేదు. పొమేరియన్‌కైనా అదే. గేటుకు "కుక్కలున్నాయి జాగ్రత్త" అని బోర్డు తగిలించగానే బాధ్యత తీరిపోదు.

హోస్ట్: లైసెన్స్ సంగతి?

డాక్టర్: హైదరాబాద్‌లో జీహెచ్‌ఎంసీ లైసెన్స్ తీసుకోవాలి, రేబిస్ టీకా వేయించిన కాగితం ఉండాలి. ఇంకో ఊరికి మారుతుంటే ముందే అక్కడి కార్పొరేషన్‌లో కనుక్కోండి. ఘజియాబాద్ 2022లోనే పిట్‌బుల్, రాట్‌వైలర్, డోగో అర్జెంటీనోలను సొంతంగా నిషేధించింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో అయితే 2024 ఫిబ్రవరి 1 నుంచి మినహాయింపు పత్రం లేకుండా ఎక్స్‌ఎల్ బుల్లీ రకం కుక్కను ఉంచుకోవడమే నేరం.

హోస్ట్: మరి మా కాలనీ ఆయనకు ఏం చెప్పమంటారు?

డాక్టర్: వదిలేయొద్దని చెప్పండి. తిండీ నీళ్ళూ లేక అల్లాడేలా వదిలేస్తే 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద అదీ నేరమే. ఇంట్లో తిండి తినడమే తెలిసిన కుక్క రోడ్డు మీద ఎలా బతుకుతుంది? నా దగ్గరికి తీసుకురమ్మనండి. టీకాలు చూస్తాను, ఆపరేషన్ గురించి మాట్లాడదాం.

హోస్ట్: రేపే తీసుకొస్తామండీ. దాని పేరు సింబా.

డాక్టర్: సింబాను పొద్దున్నే తీసుకురండి, జనం తక్కువుంటారు. మూతికి మజిల్, అంటే కరవకుండా వేసే తొడుగు, పెట్టి, బెల్ట్ పొట్టిగా పట్టుకోండి.