అరటి ఈగకీ షుగరే

అందరికీ నమస్కారం అండీ. పొద్దున్నే రావులపాలెం మార్కెట్టు మీదుగా వచ్చాను. ఓ మూల బాగా మగ్గిన అరటి గెల, దాని మీద ఆవగింజంత ఈగలు. మీరు చేత్తో తోలేస్తారు, మా ల్యాబుల్లో సీసాల్లో పెట్టి పెంచుతారు.

ఆ ఈగకీ ఇన్సులిన్ లాంటి హార్మోన్లున్నాయి, కొవ్వు దాచుకునే కణాలున్నాయి. 2006లో దానిలోంచి, జన్యువుల జోరు తగ్గించే మిర్-278 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏని తీసేసి చూశారు. ఈగ బక్కచిక్కింది. ఇన్సులిన్ తయారీ పెరిగింది. అయినా ఒంట్లో తిరిగే చక్కెర తగ్గలేదు సరికదా, పెరిగింది! ఇన్సులిన్ మాట కణాలు వినడం మానేశాయి. "సన్నగా ఉన్నాడు, వాడికి షుగరేంటండీ" అంటాం కదా, ఈగ దగ్గర ఆ మాట చెల్లలేదు.

మైక్రో ఆర్‌ఎన్‌ఏ అంటే సుమారు 22 జన్యు అక్షరాల తునక. 1993లో ఒక చిన్న పురుగులో దొరికింది, 2024లో ఆంబ్రోస్, రువ్‌కున్ అనే శాస్త్రవేత్తలకు నోబెల్ తెచ్చింది. ప్రొటీన్ తయారుచేయమని జన్యువు పంపే సందేశానికి ఇది వెళ్లి అతుక్కుంటుంది. చాలాసార్లు పని పూర్తిగా ఆపదు, తగ్గిస్తుందంతే. మన కాలవ మీద లస్కరు లేడూ, అలాగ. ధవళేశ్వరంలో నీళ్లొదిలారని సంబరపడితే సరిపోదు. ఇక్కడ తూము తలుపు రెండంగుళాలు దించాడంటే శివారు చేను ఎండిపోతుంది.

ఇన్సులిన్‌కి తూము, కణం పైపొర మీదుండే గ్రాహకం. దాన్ని నిలబెట్టేవాటిలో కేవియోలిన్-1 అనే ప్రొటీన్ ఒకటి. లావెక్కిన ఎలుకల్లో మిర్-103, మిర్-107 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏలు పెరిగి ఆ ప్రొటీన్‌ని తగ్గిస్తాయని 2011లో తేలింది. వాటిని అడ్డుకుంటే ఎలుకల షుగరు మెరుగైంది.

అయితే అన్నిటినీ అడ్డేద్దామా? క్లోమంలో మిర్-375 ఉంది. అది ఎక్కువైతే ఇన్సులిన్ విడుదల తగ్గుతుంది. సరే అని ఎలుకల్లో మొత్తం తీసేస్తే, ఇన్సులిన్ చేసే కణాలే తగ్గిపోయి షుగరు పెరిగింది. ముంపుకీ ఎద్దడికీ మధ్య బతికే మనకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

లోపలికొస్తుంటే ఓ పెద్దాయన అడిగారు, "దీనికి బిళ్ల ఎప్పుడొస్తుందండీ?" అని. ఒక్కో మైక్రో ఆర్‌ఎన్‌ఏ వందల సందేశాలకు అతుక్కోగలదు బాబయ్య గారూ. కాలేయంలో తూము సర్దబోతే గుండెలో ఏది కదులుతుందో చూసుకోవాలి. అప్పటిదాకా మీకూ నాకూ ఆ పాత షుగరు బిళ్ల మెట్‌ఫార్మినే.