ఎంటర్ కొట్టి పేజీ మార్చకండి

నమస్కారం అండి. విశాఖపట్నం, మర్రిపాలెం నుంచి మాట్లాడుతున్నాను. తెలుగు పుస్తకాలకి పేజీలు కట్టడం నా పని. ఇవాళ స్క్రీన్ మీద మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో ఒక నవల ఫైల్ తెరుస్తున్నాను. రాసినాయన నాకు హైస్కూల్లో తెలుగు చెప్పిన మాస్టారు. వీడియోలో చూపించవచ్చా అని అడిగితే, పేరు చెప్పకుండా చూపించుకోమన్నారు.

మాస్టారు ఈ నవలని మొదట నోటు పుస్తకాల్లో రాసుకున్నారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు వాళ్ల ఇంటి కిటికీ రెక్క ఊడిపోయి, వానంతా గదిలోకి కొట్టింది. ఐదు పుస్తకాల్లో మూడింటి మీద సిరా అలుక్కుపోయింది. మళ్లీ రాస్తే కంప్యూటర్‌లోనే రాయాలని ఆయన అప్పుడు అనుకున్నారు. అరవై దాటిన మనిషి ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టిన ఫైల్ ఇది. నాకు దీని మీద చాలా గౌరవం ఉంది.

పోయిన నెల ఆయన మూడో అధ్యాయంలో ఒక్క పేరా కలిపారు. దాంతో నాలుగో అధ్యాయం పేరు పేజీ మధ్యలోకి దిగిపోయింది. ఐదో అధ్యాయం పేరు పేజీ అడుగున ఒంటరిగా మిగిలింది. ఆ సాయంత్రమే ఫోన్ చేశారు. "ఏటమ్మా ఇది, పేజీలన్నీ జారిపోనాయి!"

ఇప్పుడు కంట్రోల్, షిఫ్ట్ పట్టుకుని 8 నొక్కుతున్నాను. చూడండి, దాగి ఉన్న గుర్తులన్నీ బయటికొచ్చాయి. మూడో అధ్యాయం చివర ఒకదాని కింద ఒకటిగా నిలబడ్డ గుర్తులు లెక్కపెడితే పంతొమ్మిది. అంటే మాస్టారు కొత్త పేజీకి వెళ్లడానికి ఎంటర్ పంతొమ్మిది సార్లు కొట్టారు. టైప్ మిషన్ మీద పనిచేసిన వాళ్లందరికీ ఉన్న అలవాటే ఇది. కానీ వర్డ్‌లో ఎంటర్ అంటే 'ఈ పేరా అయిపోయింది' అని అర్థం. పంతొమ్మిది ఎంటర్లంటే పంతొమ్మిది ఖాళీ పేరాలు. పైన నాలుగు లైన్లు కలిపితే అవన్నీ కిందికి జరుగుతాయి, వాటితో పాటు అధ్యాయమూ జరుగుతుంది.

కొత్త పేజీ కావాలంటే కంట్రోల్ పట్టుకుని ఎంటర్ ఒక్కసారి నొక్కండి, చాలు. ఇంకా మంచి పద్ధతి ఏమిటంటే, అధ్యాయం పేరు మీద కర్సర్ పెట్టి హోమ్ ట్యాబ్‌లో హెడింగ్ 1 అనే స్టైల్ ఇవ్వండి. ఆ స్టైల్ పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో 'పేజ్ బ్రేక్ బిఫోర్' టిక్ చేస్తే, ఇక మీరు ఎన్ని పేరాలు కలిపినా, తీసేసినా ప్రతి అధ్యాయం కొత్త పేజీలోనే మొదలవుతుంది. వ్యూ ట్యాబ్‌లో నావిగేషన్ పేన్ తెరిస్తే అధ్యాయాల పేర్లన్నీ ఎడమ పక్కన వరుసగా కనిపిస్తాయి. ఏడో అధ్యాయం ఐదో దానికి ముందు రావాలా? పేరు పట్టుకుని పైకి లాగండి, అధ్యాయం మొత్తం కదిలి వస్తుంది. మాస్టారు ఇది చూసి, "మూడు నెలల నుంచి కట్, పేస్ట్ చేస్తున్నానమ్మా" అన్నారు.

పాత ఎంటర్లు తీసేయడానికి ఫైండ్ అండ్ రీప్లేస్ వాడండి. ముందు ఫైల్‌కి ఒక కాపీ తీసి పక్కన పెట్టుకోండి. తర్వాత చేయాల్సిన పని ఒకటుంది, దీన్ని మర్చిపోతే నష్టం. కథలో సన్నివేశం మారే చోట మీరు కావాలనే వదిలిన ఖాళీ లైన్లు ఉంటాయి. అక్కడ మూడు నక్షత్రం గుర్తులు (***) పెట్టేయండి. లేకపోతే వాటిని కూడా తుడిచేస్తారు, ఆ తర్వాత రాత్రి ఎక్కడ ముగిసిందో, ఉదయం ఎక్కడ మొదలైందో రచయితకి కూడా గుర్తుండదు. ఆ పని అయ్యాక ఫైండ్ పెట్టెలో క్యారెట్ గుర్తు, చిన్న పీ అక్షరం, ఈ జంటని రెండుసార్లు కొట్టండి, ^p^p అని. రీప్లేస్ పెట్టెలో ఆ జంటని ఒక్కసారే కొట్టండి, ^p అని. ఖాళీ పేరాలు పోయేదాకా రీప్లేస్ ఆల్ నొక్కుతూ ఉండండి. పేరా మొదట్లో స్పేస్ బార్‌తో జరిపిన వాళ్లు ఆ స్పేస్‌లు కూడా తీసేసి, స్టైల్‌లోనే 'ఫస్ట్ లైన్ ఇండెంట్' పెట్టుకోండి.

ఇంతవరకు చెప్పింది ఏ భాషకైనా పనికొస్తుంది. తెలుగులో మాత్రమే వచ్చే ఇబ్బందులు కొన్ని ఉన్నాయి. వాటి గురించి చెప్పేవాళ్లు తక్కువ.

స్టైల్‌లో సైజు 14 పెట్టినా తెలుగు అక్షరం కదలడం లేదని చాలామంది అడుగుతారు. వర్డ్ తెలుగుని కాంప్లెక్స్ స్క్రిప్ట్ కింద లెక్కేస్తుంది. ఇంగ్లిష్ అక్షరాలకి ఒక ఫాంట్, సైజు. తెలుగుకి వేరే ఫాంట్, సైజు. ఫాంట్ పెట్టె తెరిస్తే కింద 'కాంప్లెక్స్ స్క్రిప్ట్స్' అని ఇంకో భాగం ఉంటుంది. మన ఫాంట్, సైజు, బోల్డ్ అన్నీ అక్కడ మార్చాలి. వర్డ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రే ఆఫీస్‌లో కూడా ఇలాగే రెండు భాగాలుంటాయి.

ఇక లైన్ల మధ్య దూరం. ఈ పేజీని దగ్గరగా చూపిస్తాను. 'రాష్ట్రం' అన్న మాటలో కింద ఒత్తుల తోక తెగిపోయింది, కనిపిస్తోందా? లైన్ స్పేసింగ్‌లో 'ఎగ్జాక్ట్లీ' పెట్టి 14 అని ఇవ్వడం వల్ల వచ్చింది. ఇంగ్లిష్‌కి ఆ జాగా సరిపోతుంది. మనకి పైన గుడులు, కింద ఒత్తులు, ఒక్కోసారి ఒత్తు కింద ఒత్తు. 'మల్టిపుల్' పెట్టి 1.5 ఇవ్వండి, ఎక్కడా తెగదు.

స్టేషన్‌కు, బస్‌లో లాంటి మాటలు చూడండి. 'న్' తర్వాత నేరుగా 'కు' కొడితే రెండూ కలిసిపోయి 'స్టేషన్కు' అవుతుంది, క కాస్తా ఒత్తయి కిందికి పోతుంది. చదివేవాడి కన్ను అక్కడ తట్టుకుంటుంది. రెండింటి మధ్య కంటికి కనిపించని ఒక గుర్తు పెట్టాలి. మీ కీబోర్డులో దానికి మీట లేకపోతే, విండోస్ వర్డ్‌లో 200సి అని ఇంగ్లిష్‌లో కొట్టి ఆల్ట్ పట్టుకుని ఎక్స్ నొక్కండి. సగం చోట్ల కలిపి, సగం చోట్ల విడదీసి రాసిన ఫైళ్లే నాకు ఎక్కువ వస్తాయి. ఏదో ఒక పద్ధతికి కట్టుబడండి.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టే విషయం ఫాంట్లు. పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0, అది 2001లో వచ్చింది. దానిలో అను లాంటి ఫాంట్లతో కట్టిన తెలుగు పుస్తకాలు లెక్కలేనన్ని. ఆ ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల చోట తెలుగు బొమ్మలు కూర్చోబెట్టినవి. ఫాంట్ లేని కంప్యూటర్‌లో ఆ ఫైల్ తెరిస్తే అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు కనబడతాయి. యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరానికీ దానిదే అయిన సంఖ్య ఉంది కాబట్టి ఏ ఫోన్‌లో తెరిచినా 'అ' అంటే 'అ'యే. మీ పాత ఫైళ్లు ఉంటే ఇప్పుడే కన్వర్టర్‌లో వేసి మార్చుకోండి. మార్చాక మొత్తం ఒకసారి చదవండి, ఒత్తులు అక్కడక్కడా తారుమారవుతాయి. కొత్తగా రాసేవాళ్లకి మండలి ఫాంట్ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఇన్‌డిజైన్‌లో పేజీలు కట్టేవాళ్లకి ఫైల్ ఇస్తుంటే, అందులో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ పెట్టమని చెప్పండి. లేకపోతే యూనికోడ్ తెలుగు విరిగిపోతుంది.

మీరు పత్రికకి పంపేది రాతప్రతి. దానికి డిజైన్ అక్కర్లేదు. పూర్వం 'మార్జిన్ వదలండి' అని పత్రికలు అడిగింది సంపాదకుడి కలానికి చోటు కోసం. ఇప్పుడూ అంతే. ఎ4 పేజీ, ఒకే ఫాంట్, ఎడమ వైపు సర్దిన లైన్లు, పేజీ నంబరు, వెంట ఇది మీ సొంత రచనే అని రాసిచ్చే హామీపత్రం. రెండు వైపులా సమంగా లాగకండి. మన మాటలు పొడవు కదా, లైన్ మధ్యలో పెద్ద పెద్ద ఖాళీలు వస్తాయి. డెమ్మీ అనే పుస్తకం సైజుకి కుదించడం, అచ్చులో పదహారు పేజీలకి ఒక ఫారం చొప్పున లెక్క చూడటం మా పని, మాకు వదిలేయండి.

చివరగా మాస్టారి ఫైల్‌లో నన్ను బాధపెట్టిన సంగతి. నవల్లో భీమిలి దగ్గర పడవ నడిపే ఒక ముసలాయన ఉంటాడు. ఆయన మాట్లాడేది మన ఉత్తరాంధ్ర యాస. టైపింగ్‌లో సాయం చేసిన కుర్రాడు మాటల కింద ఎర్ర గీతలు చూసి, తప్పులనుకుని, వర్డ్ చూపించిన మాటలు పెట్టుకుంటూ వెళ్లిపోయాడు. త్వరగా అనే అర్థమున్న 'బేగి' కాస్తా 'వేగి' అయింది. 'నాను' 'నేను' అయింది. ముసలాయన పాఠ్యపుస్తకంలా మాట్లాడటం మొదలుపెట్టాడు. మిగిలిన నోటు పుస్తకాలు, మాస్టారి జ్ఞాపకం పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే వెనక్కి మార్చాం. రెండు సాయంత్రాలు పట్టింది. తర్వాత 'మాండలికం' అని కొత్త క్యారెక్టర్ స్టైల్ ఒకటి తయారుచేశాను. స్టైల్ మాడిఫైలో ఫార్మాట్, అందులో లాంగ్వేజ్, అక్కడ 'డు నాట్ చెక్ స్పెల్లింగ్ ఆర్ గ్రామర్' టిక్ చేశాను. యాసలో ఉన్న ప్రతి మాటకీ ఆ స్టైల్ ఇచ్చాం. ఇక వాటి కింద ఎర్ర గీత రాదు.

నిన్న ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం దగ్గర కలిసి, ప్రింట్ తీసిన మొదటి నలభై పేజీలు ఆయన చేతిలో పెట్టాను. మాస్టారు అక్కడే మెట్ల మీద కూర్చుని, పడవ ముసలాయన పేజీ వెతికి తీశారు. "నానొస్తాను, బేగి పద" అని పైకి చదివారు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివారు.