అంగన్వాడీలో ఒక సెంటీమీటరు

శ్రోతలకు నమస్కారం. పిల్లల పోషణకు ఢిల్లీలో చట్టం ఉంది, హైదరాబాదులో జీవోలున్నాయి. ఫలానా బిడ్డకు సాయం అందుతుందా లేదా అన్నది మాత్రం ఊళ్లో అంగన్వాడీ టీచరు చేతిలో తేలుతుంది. ఎలాగో ఒక్క కొలత దగ్గర చూద్దాం.

రెండేళ్లు నిండని బిడ్డ పొడవును పడుకోబెట్టి కొలవాలి. చెప్పులు, తలపిన్నులు తీసేసి కొలబల్ల మీద వెల్లకిలా పడుకోబెడతారు. ఒకరు తలను పైపలకకు ఆనించి రెండు చేతులతో పట్టుకోవాలి. ఇంకొకరు మోకాళ్లను మెల్లగా నొక్కి, కదిలే పలకను పాదాలకు తాకించి అంకె చూడాలి. అంటే ఇద్దరు కావాలి. ఆ వేళకు ఆయా పొయ్యి దగ్గర ఉంటుంది. బిడ్డేమో ఏడుస్తూ కాళ్లు ముడుచుకుంటుంది. టీచరు ఒక్కతే ఏం చేయగలదు? నిలబడగలిగే బిడ్డయితే నిలబెట్టి కొలిచేస్తుంది.

అలా కొలిస్తే సుమారు 0.7 సెంటీమీటరు తగ్గి వస్తుంది. ఆ తేడా కలిపి రాయాలి, హడావిడిలో కలపరు. బిడ్డ చిక్కిపోయిందా అన్నది పొడవుకు తగ్గ బరువును బట్టి తేలుస్తారు కదా, పొడవు తగ్గితే ఉన్న బరువే సరిపోయినట్టు కనిపిస్తుంది. స్వెట్టరు తీయకుండా తూచినా, కాటా సున్నా మీద లేకపోయినా లెక్క ఇంకా తప్పుతుంది. అంచున ఉన్న బిడ్డ 'సాధారణం'లో చేరిపోతుంది. తీవ్ర లోపమని తేలితే చట్ట ప్రకారం రోజుకు 800 కేలరీల ఆహారం దక్కాలి. మామూలు బిడ్డకు 500.

'తీవ్రం' అని రాస్తే టీచరుకు పని కూడా పెరుగుతుంది. ఇంటికి వెళ్లాలి, పోషకాహార పునరావాస కేంద్రానికి పంపాలి, కూలి పోతుందనే తల్లిని ఒప్పించాలి, సూపర్‌వైజరుకు జవాబు చెప్పాలి. లోపాన్ని తక్కువ చేసి చూపే అంకె వైపు చేయి మొగ్గడం అక్కడి పరిస్థితి వల్లే. దాన్ని ఆమె తప్పుగా లెక్కగట్టడం అన్యాయం.

టీచరు చేతిలో తేలేది కొలత ఒక్కటే కాదు. తెలంగాణలో గర్భిణులకు, బాలింతలకు అంగన్వాడీలో పెట్టే ఆరోగ్యలక్ష్మి భోజనం చూడండి. గర్భిణి కేంద్రానికే వచ్చి అన్నం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు తీసుకోవాలన్నది నియమం. ఇంటికి పోతే అందరూ పంచుకుంటారని అలా పెట్టారు. నాట్ల రోజుల్లో మధ్యాహ్నం ఆమె పొలంలో ఉంటుంది. క్యారియరు కట్టించాలా, ఆ పూట వదిలేయాలా? టీచరే తేల్చుకోవాలి.

కొలతకు మాత్రం దారి ఉంది. తూకాల రోజున వంట ముందే దించేసి ఆయాను కొలబల్ల దగ్గరికి పిలవచ్చు. తల పట్టుకోవడం తల్లికి నేర్పినా చాలు. ఆరు నెలలు దాటిన బిడ్డకు జబ్బ చుట్టూ టేపు కూడా వేయించండి. 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ వస్తే, పుస్తకంలో ఏం రాసి ఉన్నా, బిడ్డను ఆ రోజే ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్‌ఎంకు చూపించండి.